ముగ్గురు సాక్షులకు మూడు బోర్డులు

గడువుకు నలభై ఒక్క రోజులు. నాలుగో లెవెల్: 35.2 డిగ్రీలు.

కమిటీ కాగితం ఈ ఉదయం వచ్చింది. నలభై ఒక్క రోజుల్లో నాలుగో లెవెల్ వేడి 34కు దిగకపోతే లెవెల్ ఖాళీ చేయిస్తారట. ఇక్కడ అరవై ఒక్కమందిమి ఉంటున్నాం. పై మూడు లెవెల్స్‌లో నలభైమందికి చోటుంది. మిగతా ఇరవై ఒక్కమంది మేమంతా ఉండే ఈ బాయి, అంటే పాత గని, దాటి పైకి, ఎండలోకి, సోలార్ పలకల పక్కనున్న షెడ్డుకు పోవాలి. పలకల మీద దుమ్ము తుడవడం వాళ్ళ పని. అలా పోయినవాళ్ళలో రెండో ఎండాకాలం చూసినవాళ్ళు ఇంతవరకు లేరు. ఆ మాట కాగితంలో లేదు. బాయిలో తెలియనివాళ్ళూ లేరు.

రోజూ వేడి కొలిచి రాయమన్నారు గనక ఈ రిజిస్టర్ తెరిచాను. నా పేరు ఓదెలు. యాభై మూడేళ్ళు. కంప్యూటర్ల కరెంటు డబ్బాలు బాగుచేయడం తప్ప నాకు వేరే విద్య రాదు. రాయమన్నారు, రాస్తాను. కాకపోతే నాకు తోచినట్టు రాస్తాను.

ఈ లెవెల్‌లో నూట ఇరవై కంప్యూటర్లున్నాయి. బాయి మొత్తం కప్పు చప్పుడును అవే వింటాయి. బండ ఎక్కడ పగులుతోందో, ఎక్కడ కుంగుతోందో అవి చెబితేనే తొమ్మిది వందలమంది కళ్ళు మూస్తారు. వాటిని ఆపడానికి వీల్లేదు. అయితే అవి తీసుకునే కరెంటులో కొంత ఏ పనికీ రాకుండా ఉత్త వేడిగా పోతోంది. నా బల్ల మీద కొలిస్తే వంద వాట్లకు పన్నెండు. ఆ పన్నెండును నాలుగుకు తెస్తే లెవెల్ ఒకటిన్నర డిగ్రీ చల్లబడుతుందని లెక్క వేశాను. చేస్తానని కమిటీకి చెప్పాను.

గడువుకు ముప్ఫై ఏడు రోజులు. 35.2.

కరెంటు అలలాగా లేస్తూ పడుతూ వస్తుంది. కంప్యూటర్‌కు దాన్ని నిదానంగా తాగే బుద్ధి లేదు. అల బాగా పైకి లేచినప్పుడు ఒక్క గుక్కలో లాగేసి, మిగతాసేపు మూతి బిగించుకుని కూర్చుంటుంది. ఆ గుక్కకు తీగలు వేడెక్కుతాయి, జనరేటర్ మూలుగుతుంది. అందుకే ప్రతి డబ్బాలోనూ పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్ ఒకటి పెడతారు. అల పొడవునా సమంగా తాగమని నేర్పేది అదే. బాయిలో దాన్ని సర్దుడు బోర్డు అంటారు. చిక్కేమిటంటే, సర్దినందుకు అది కూలి పట్టుకుంటుంది. ఆ కూలే మా పక్కల మీది వేడి.

పాత బోర్డులో కరెంటు ముందుగా డయోడ్ల గుండా పోవాలి. పోయినప్పుడల్లా అవి కొంత కాజేస్తాయి. వాటిని పీకేసి ఆ చోట ట్రాన్సిస్టర్ స్విచ్‌లు పెడితే ఆ దొంగతనం తగ్గుతుంది. స్విచ్‌లు పాత స్టోర్‌లో గంపెడున్నాయి. రాగికే కరువు. రాగి తక్కువైతే తీగచుట్ట చిన్నది చేసుకోవాలి. చుట్ట చిన్నదైతే స్విచ్‌ను మరీ వేగంగా, సెకనుకు రెండు లక్షల సార్లు, తెరిచి మూయాలి. మూద్దాం, నాదేం పోయింది అనుకున్నాను.

చుట్టలు చుట్టేది నా భార్య భూలక్ష్మి. ఒక్కో దానికి ముప్ఫై ఎనిమిది చుట్లు. లెక్కపెట్టేటప్పుడు పలకరిస్తే కసురుతుంది. ఇవాళ "గటక తింటవా?" అని నేను అడిగిన పాపానికి ఇరవై ఆరో చుట్టు దగ్గర లెక్క తప్పింది. మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. నా గటక చల్లారిపోయింది. ఈ వేడిలో అదీ ఒకందుకు మేలే.

గడువుకు ఇరవై తొమ్మిది రోజులు. 35.3.

కొత్త బోర్డు నిలిచింది. మూడు వందల వాట్ల నిండు బరువు, అంటే పూర్తి లోడు, పెట్టి ఆరు గంటలు నడిపాను. వందకు తొంభై ఆరు! ఇంత మంచి అంకె ఈ బాయిలో నేనెప్పుడూ చూడలేదు. నాకు నేనే భుజం తట్టుకోవాలనిపించింది.

కమిటీ పెద్ద పర్శరాములు వచ్చి చూశాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"సగం బరువు మీద గూడ సూసినవా, ఓదెలన్నా?" అని అడిగాడు.

నవ్వాను. "సగం బరువేంది పర్శన్నా? దుంగ నిలవెట్టినప్పుడు సగం కప్పు మోపి సూస్తమా? నిండు బరువుకు నిలిస్తెనే దుంగ."

అతనూ నవ్వాడు. బాయిలో పుట్టిపెరిగిన వాళ్ళం ఎవరమైనా అదే మాట అంటాం. మా తాతల కాలం నుంచి కప్పు కింద ఏది నిలబెట్టినా నిండు బరువు మోపే పరీక్షించారు. దానికి నిలిస్తే దేనికైనా నిలుస్తుందని మాకు నమ్మకం.

గడువుకు పదహారు రోజులు. 35.9.

ఎనభై నాలుగు బోర్డులు మార్చేశాను. వేడి దిగాలి కదా, ఎక్కింది. గాలి గొట్టాల్లో ఏదైనా అడ్డం పడిందేమోనని రెండు రోజులు పాకి వెతికాను. చచ్చిన ఎలుక ఒకటి దొరికింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. దాన్ని తీసి పారేసినా వేడి చుక్క దిగలేదు.

మిగతా బోర్డులు కూడా పెడితే దిగుతుందని అందరికీ చెబుతున్నాను. నాకే నమ్మకం కుదరడం లేదు.

గడువుకు పద్నాలుగు రోజులు. 36.1.

తప్పు కనిపెట్టింది భూలక్ష్మి. మీటర్ లేదు, లెక్క లేదు. ఉతికిన పంచె ఆరేయడానికి చోటు కోసం యంత్రాల వెనక్కి పోయింది. అక్కడినుంచే కేక వేసింది.

"ఇగో, ఇటు రా. ఈ యంత్రానికి ఇప్పుడు పనున్నదా?"

"పెద్దగ లేదు. ఉత్తగ ఇనుకుంట కూసున్నది."

"మరి పని లేనిదానికి ఇంత కాక ఎందుకు? నీ బోర్డు మీద చెయ్యి వెట్టి సూడు."

పెట్టాను. చటుక్కున తీసేశాను. పక్కనే పాత బోర్డున్న యంత్రం ఉంది, దాని మీదా పెట్టాను. అది గోరువెచ్చగా ఉంది.

గడువుకు పదమూడు రోజులు. 36.1.

తీరుబడిగా కొలిచాను. ఈ యంత్రాలు నిండు బరువు మోసేది ఏడాదికి ఒకటి రెండు గంటలు, బండ నిజంగా కదిలినప్పుడు. మిగతా కాలమంతా నలభై వాట్లతో చెవి పెట్టి కూర్చుంటాయి. ఆ నలభై దగ్గర పాత బోర్డు వందకు ఎనభై ఇస్తోంది. నాది అరవై తొమ్మిది.

కారణం కూడా తెలిసింది. స్విచ్ తెరిచి మూయడానికి కొంత ఖర్చవుతుంది. తలుపు తీసి వేసే శ్రమ లోపలికి ఒకడు పోయినా వందమంది పోయినా ఒకటే కదా. వందమంది పోయేటప్పుడు ఆ శ్రమ లెక్కలోకి రాదు. ఒక్కడి కోసం సెకనుకు రెండు లక్షల సార్లు తీసి వేస్తుంటే ఆ శ్రమే మిగులుతుంది. నేను చేసింది అదే. వేగం తగ్గిద్దామంటే పెద్ద చుట్ట కావాలి. పెద్ద చుట్టకు రాగి లేదు.

సగం బరువు మీద చూశావా అని ఒక మనిషి నోరు తెరిచి అడిగాడు. నేను పళ్ళికిలించి దుంగ సామెత చెప్పాను. ఎనభై నాలుగు బోర్డులు నా చేతులతో బిగించి, మా ఇంటికి నేనే పొయ్యి రాజేసుకున్నాను. పాతవి తిరిగి పెట్టినా 35.2 దగ్గరే ఆగుతుంది. అదీ చాలదు.

గడువుకు పది రోజులు. 36.2.

దారి దొరికింది. నా బోర్డుకు బరువు చాలకపోవడమే జబ్బు అయితే, బరువు పెంచితే సరి. మూడు యంత్రాలను ఒకే బోర్డుకు తగిలిస్తాను. నలభై, నలభై, నలభై, నూట ఇరవై వాట్లు. అక్కడ నా బోర్డు తొంభై మూడు ఇస్తోంది. నాలుగుసార్లు కొలిచాను. సగం మీద, పావు మీద, అన్ని బరువుల మీదా కొలిచాను, బుద్ధొచ్చింది. ఎనభై బోర్డులు ఆపేసి నలభై మాత్రమే నడిపితే లెవెల్ 33.9కి దిగుతుంది.

ఒక్కదానికి మూడు కాకుండా, రెండు బోర్డులకు మూడు యంత్రాలు తగిలిస్తే ఎలా ఉంటుందని కూడా చూశాను. 34.7 దగ్గర ఆగింది. దిగాలంటే ఒక్కటే ఉండాలి.

భూలక్ష్మికి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. తల ఊపి, చేతిలోని చుట్టను లెక్కపెడుతూనే ఉంది.

గడువుకు ఎనిమిది రోజులు. 36.2.

రెండో లెవెల్‌లో హాజరు వేసే మస్టర్ గదిలో బాయి అంతా కూడింది. ఇది ఎందుకు ఓటుకు పెట్టాల్సి వచ్చిందో రాయాలి.

పోయినేడు రెండో లెవెల్‌లో కప్పు కూలి పన్నెండుమంది పోయారు. అప్పట్లో ఒక్కో చోటుకు ఒక్క యంత్రమే ఉండేది. ఆ యంత్రం అబద్ధం చెప్పలేదు. దాని సర్దుడు బోర్డు కాలిపోయి, అది మాట్లాడకుండా ఆగిపోయింది. తెర మీద అంతకుముందు రాసిన "బాగుంది" అలాగే నిలిచిపోయింది. అంతా బాగుందనుకుని పడుకున్నారు. ఆ తర్వాత బాయి అంతా ఒట్టు పెట్టుకుంది. ప్రతి చోటుకూ మూడు యంత్రాలు, ముగ్గురు సాక్షులు. ముగ్గురికీ వేరు వేరు బోర్డులు. ఒకరి ఊపిరి ఇంకొకరి మీద ఆధారపడకూడదు.

కాలిపోయిన ఆ బోర్డు నేను చేసిందే.

నా లెక్క చెప్పాను. అంకెలన్నీ చదివాను. ఇరవై ఒక్కమంది పైకి పోనక్కరలేదన్నాను. కొత్త బోర్డు కాలే అవకాశం లక్షలో ఒకటన్నాను. నాలుగో లెవెల్ వాళ్ళే ముందు వరసలో కూర్చున్నారు, వాళ్ళైనా చెయ్యెత్తుతారని చూశాను. అప్పుడు భూలక్ష్మి లేచింది.

"మా అన్న రాజేశం పండుకున్నకాడ ఒక్కటే యంత్రముండె," అంది. "దాని బోర్డు నా పెనిమిటి చేసిందే. మంచిగనే చేసిండు. అయినా కాలింది. ఇప్పుడు ముగ్గురు సాక్షులకు ఒక్కటే బోర్డంటే, అది కాలిన్నాడు ముగ్గురు ఒక్కపారే నోరు మూస్తరు. ఇక సాక్షెవలు? ఇరువై ఒక్కమందిని బచాయించుటానికి తొమ్మిది వందలమందిని దాని కింద పండుమని నేను జెప్ప. నేనైతే చెయ్యెత్త."

కూర్చుంది. పర్శరాములు ఓటు అడిగాడు. చేతులు లేవలేదు. ఆఖరికి నా చెయ్యి ఒక్కటే గాలిలో ఉంది. దాన్ని ఎప్పుడు దించాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక అరిచాను. "అందరి ముందట నా మానం తీసినవు గద!"

"నీ మానం పోలె. నీ బోర్డు మంచిదే, నువ్వు మంచోనివే. గాని దాని కింద నాకు నిద్రవట్టది. నేనేం జెయ్యాలె?"

నిజం ఒప్పుకుంటే, రాజేశం పోయిన నాటినుంచి నాకూ నిద్ర లేదు.

గడువుకు ఆరు రోజులు. 36.0.

నా బోర్డులు విప్పి పాతవి పెడుతున్నాను. రోజుకు ఇరవైకి మించి కావడం లేదు. భూలక్ష్మి పక్కన కూర్చుని మరలు అందిస్తోంది. కోపం పోయింది. దాని వెనక ఇంకేదో ఉంటుందనుకున్నాను, భయం తప్ప ఏమీ లేదు.

గడువుకు నాలుగు రోజులు. 35.6.

ఇవాళ బిళ్ళలు తీశారు. బాయిలో పుట్టిన ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. నాలుగో లెవెల్ వాళ్ళ బిళ్ళలు పాత హెల్మెట్‌లో పోసి కలిపారు. చేతికొచ్చిన ఇరవై ఒక్క బిళ్ళలవాళ్ళు పైకి పోవాలి. పాలిచ్చే తల్లులవి, పిల్లలవి, నాది పక్కన పెట్టారు.

"నాది గూడ ఎయ్యిండ్రి," అన్నాను.

"నీదెట్లేస్తం అన్నా? బోర్డు కాలితే ఎవలు జేస్తరు?" అన్నాడు పర్శరాములు.

ఎవరూ చేయలేరు. ముప్ఫై ఏళ్ళుగా ఈ పని నా ఒక్కడి చేతిలోనే ఉంది. నేర్చుకుంటామని నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళకు చేతకాదని, విసిగిస్తారని పంపేశాను. ఓదెలు లేనిదే బాయి నడవదని నలుగురూ అంటుంటే నాకు తీపిగా ఉండేది. ఆ గీర ఫలితం ఇవాళ చేతికందింది.

ఏడో బిళ్ళ 417. భూలక్ష్మిది.

ఆమె లేచి పోయి బిళ్ళ తీసుకుంది. కొంగుకు కట్టుకుంది. నా వైపు చూడలేదు. నేను హెల్మెట్ మీద పడబోతే ఎవరో వెనక నుంచి నా నడుం పట్టుకున్నారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. మిగతా పద్నాలుగు బిళ్ళలూ అలా పట్టుకునే ఉండి తీశారు.

గడువుకు రెండు రోజులు. 35.4.

నా చోటు ఆమెకిమ్మని, నేను పైకి పోతానని కమిటీ గదికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ కూర్చోమన్నారు, నీళ్ళిచ్చారు, కాదన్నారు. నాలుగోసారి ఇద్దరం కలిసి పోతామన్నాను. ఆ మాట భూలక్ష్మి చెవిన పడింది.

"పిచ్చోనివా?" అంది. "ఇరువై ఒక్కమందిమి పోతున్నదే కప్పు కూలొద్దని. నువ్వు గూడ పైకొస్తే ఆ యంత్రాలను ఎవలు సూస్తరు? నేను పోయింది వట్టిగ అయితది."

"నువ్వు లేకుంట నేనేం జెయ్యాలె ఇక్కడ?"

"బోర్డులు చెయ్యి. ఎవలకన్న నేర్పు. ఈసారన్న కసురకుంట నేర్పు."

కసిరేది తనే, నేను కాదు అనబోయాను.

గడువు రోజు. 35.3.

మనుషుల్ని పైకి లాగే కేజ్ ఎక్కేచోట ఇరవై ఒక్కమందీ వరసగా నిలబడ్డారు. మూడు విడతలుగా పైకి లాగారు. భూలక్ష్మి రెండో విడతలో పోయింది. తడి గుడ్డ తల మీద కప్పుకుని, నీళ్ళ సీసా చంకలో పెట్టుకుంది. నేను ఏవేవో జాగ్రత్తలు చెబుతున్నాను. మధ్యాహ్నం బయటికి రావద్దు, ఇనుము ముట్టుకోవద్దు, ఉప్పు మరిచిపోవద్దు అంటున్నాను. ఆమె ఎండ ఎన్నడూ చూడలేదు. నేనూ చూడలేదు. వినికిడి మీద చెబుతున్నాను.

"సరే తియ్," అంది. కేజ్ తలుపు వేశారు. తాడు కదిలింది. పైన వెలుగు నలుసంత కనబడి మళ్ళీ మూసుకుపోయింది.

మిగతా ముప్ఫై తొమ్మిదిమందీ పక్కబట్టలు ఎత్తుకుని పై లెవెల్స్‌కు పోయారు. యంత్రాలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. నలభయ్యో చోటు నాది, పడుకోవడానికే. పగలంతా వాటిని కనిపెట్టుకుని నేనూ ఇక్కడే ఉంటున్నాను.

గడువు దాటి మూడో రోజు. 33.1.

మీటర్ పాడైందనుకున్నాను. మార్చి చూశాను. 33.1.

బోర్డులన్నీ పాతవే. గాలి పాతదే. నేను ఏ మరా తిప్పలేదు. పర్శరాములును పిలిపించి అంకె చూపించాను. అతను ఆశ్చర్యపోలేదు.

"దిగుతది అన్నా. ఇంకా దిగుతది."

"ఎట్ల?"

"మనిషి ఒంట్లకెళ్ళి నూరు వాట్ల కాక వస్తది. కూసున్నా వస్తది, పండుకున్నా వస్తది. అరువై మంది పోయిండ్రు. ఆరు వేల వాట్లు. నీ బోర్డులు ఎంత మంచిగ చేసినా అందుల మూడో వంతు గూడ రాదు."

"ఈ లెక్క ఎప్పుడు కట్టిండ్రు?"

"కాగితం పంపక ముందే. కాకకు మనుషులు ఆగుతరు అన్నా, యంత్రాలే ఆగవు. ముప్పై ఏడు దాటితే అవి నిలిచిపోతయి. ముప్పై నాలుగని అన్నది వాటికోసమే."

"మరి నాతోని నలభై రోజులు ఎందుకు చేయిచ్చిండ్రు?"

"నువ్వు చేస్తనన్నవు. వద్దని ఏ నోటితోని అనాలె? ఏమో, చేస్తవేమో అనుకున్నం. నిజంగ అనుకున్నం, అన్నా."

అతని మీద చెయ్యి చేసుకుందామని లేచాను. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. కూర్చున్నాను. పర్శరాములు తమ్ముడు కూడా ఆ ఇరవై ఒక్కమందిలో ఉన్నాడు.

గడువు దాటి తొమ్మిదో రోజు. 31.4.

లెవెల్ చల్లగా ఉంది. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఇవాళ చొక్కా వేసుకున్నాను. ఒంటికి హాయిగా ఉంది. ఆ హాయి నన్ను చంపుతోంది. విప్పేద్దామనుకున్నాను, చలేసి విప్పలేదు. యంత్రాలు నూట ఇరవై చక్కగా వింటున్నాయి. కప్పు బాగుంది. ముగ్గురు సాక్షులూ అదే మాట చెబుతున్నారు.

ఇద్దరు పని నేర్చుకోవడానికి వస్తున్నారు, రెండో లెవెల్ అక్కచెల్లెళ్ళు. చుట్టడం రాదు. ముప్ఫై ఎనిమిది చుట్లలో రెండుసార్లు లెక్క తప్పారు. కసరలేదు.

షెడ్డు నుంచి రోజుకొకసారి తీగ మీద కబురు వస్తుంది. ఎవరి మాటలూ రావు, అంకెలు మాత్రం వస్తాయి. మనుషుల లెక్క, వేడి లెక్క. వాటిని ఈ రిజిస్టర్‌లో ఎక్కించమని ఎవరూ అడగలేదు. ఈ మధ్యాహ్నం అక్కడ నీడలో 52. నిన్న ఇరవై ఒక్కమంది. ఇవాళ పంతొమ్మిది.

పేర్లు పంపమని అడిగాను. రేపు చెబుతామన్నారు.